పిల్లతో ప్రయాణమా? కిక్కిరిసిన పగటి బండి ఎక్కండి

రెండేళ్ల పిల్లను తీసుకుని విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్తున్నామంటే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: ‘రాత్రి బండికి ఏసీ బెర్తు చేయించుకోండి, పడుకుని లేచేసరికి ఊరొచ్చేస్తుంది.’ ఆ మాట వినకండి. పిల్ల పడుకోదు. కొత్త చోటు, చీకటి, పై బెర్తు మీద గురక. ఉలిక్కిపడి లేస్తుంది. బోగీ అంతా నిద్రలో ఉందని మీరు హడలిపోతారు. ఏడుపు ఆపడానికి చేతికి ఫోనిస్తారు. ఇక తెల్లారే దాకా అంతే.

పగలు వెళ్లండి. అది కూడా వందే భారత్‌లో వద్దు. 2023 సంక్రాంతికి మొదలైన ఆ బండి ఎనిమిదిన్నర గంటల్లో దింపేస్తుంది, కాదనను. కానీ దాని కిటికీలు తెరుచుకోవు, సీట్లో కూర్చున్నవాళ్లు తల తిప్పి పలకరించరు. జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ లేని సెకండ్ సిట్టింగ్ తీసుకోండి. పన్నెండు గంటలు దాటుతుందని భయపడకండి. గంటల లెక్క పెద్దవాళ్లది. పిల్లకు కావలసింది మనుషులు. ఎంతమంది ఉంటే అంత మంచిది. ఖాళీ బోగీ దొరికితే మాత్రం ఆ రోజు మీ పని అయిపోయినట్టే.

పిల్లకు వేరే సీటు కొనకండి. ఐదేళ్లు నిండేవరకు రైల్లో టిక్కెట్టు అక్కర్లేదు. సీటిచ్చినా అది దానిలో కూర్చోదు. తుని వచ్చేలోపు ఎదుటి సీటు మామ్మ ‘ఇలా రావే బంగారం’ అంటూ చేతులు చాస్తుంది. ఇవ్వండి, మొహమాటపడకండి. మీ కళ్ల ముందే ఉంటే చాలు. ఒళ్లు ఎవరిదైనా ఫర్వాలేదు, తిండి మాత్రం మీ డబ్బాలోదే పెట్టండి. ఇడ్లీ ముక్కలు, అరటిపండు చాలు. పల్లీలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

బొమ్మల సంచీ మోయకండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి ఉంటే సామర్లకోట దాకా దాంతోనే గడుస్తుంది. రెండు చేతులతో లాగుతుంది, రాదు. పక్కాయనకిస్తుంది. ఆయన తీసిస్తే మళ్లీ మూసి, మళ్లీ ఆయనకే ఇస్తుంది. ఆ పక్కాయనకు బోరు కొడుతుందేమోనని మీరు మధ్యలో దూరకండి.

రాజమండ్రి దాటగానే గోదావరి. నాణెం మీ గుప్పిట్లోనే ఉంచుకుని, పిల్ల చేత్తో మీ చెయ్యి పట్టించి కిటికీ ఊచల్లోంచి వదలండి. దాని చేతికే ఇచ్చారో, నోట్లో పెట్టుకుంటుంది. అంతకు ముందే కిటికీ షట్టరు గొళ్లెం సరిగ్గా పడిందో లేదో కిందికి లాగి చూడండి. లేకపోతే వేళ్లు నలుగుతాయి. టీ కప్పు పిల్ల మీదుగా అందుకోకండి. అందరూ చేసే పనే అది, చూస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనవుతుంది.

ఇక నిద్రపుచ్చడానికని జలుబు మందు పట్టమని ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాళ్లయినా సరే, ఒప్పుకోకండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద వేయమంటూ 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. నిద్రకు మందెందుకు? అంతమంది ఒళ్లలో ఆడిన పిల్ల మధ్యాహ్నం ఎవరో ఒకరి భుజం మీద తనే పడుకుంటుంది. లింగంపల్లిలో దిగేటప్పుడు మాత్రం మామ్మ దగ్గర్నుంచి రానని గొడవ చేస్తుంది. అందుకని సామాను పది నిమిషాల ముందే సర్దుకోండి.