సంవత్సరాంత సర్క్యులర్: లక్షణాలు, అంగాలు, ఉపయోగాలు

సంవత్సరాంత సర్క్యులర్ పెద్దాసుపత్రుల్లో ఏటా డిసెంబరు రెండో వారంలో పుట్టి, సంక్రాంతి లోపు నోటీసు బోర్డు మీద రంగు వెలిసిపోయే రచన. దీన్ని రాసేది హెచ్‌ఆర్ విభాగం, సంతకం సీఈఓది. ప్రభుత్వాసుపత్రిలో ఇదే రచన మెమోగా, సూపరింటెండెంట్ ముద్రతో, కాస్త తక్కువ రంగుల్లో వస్తుంది. కార్పొరేట్ ఆసుపత్రిలోనైతే ఈమెయిల్‌గా, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పోస్టర్‌గా, లిఫ్టు పక్కన ఫ్లెక్సీగా మూడు రూపాల్లో దర్శనమిస్తుంది. మొదటి సగం వార్తలు, రెండో సగం ఆరోగ్య సూచనలు. చదివినట్టు సంతకం పెట్టడానికి ఒక రిజిస్టర్ కూడా తిరుగుతుంది. నైట్ డ్యూటీ దిగి హ్యాండోవర్ ఇచ్చిన నర్సు బస్సు తప్పిపోతుందని ఆ పుస్తకంలో గబగబా సంతకం గిలికి వెళ్లిపోతుంది. సర్క్యులర్ సిబ్బందికి చేరిందనడానికి రుజువు ఆ సంతకమే. తర్వాత ఏం జరిగినా ఆమెకు ముందే చెప్పామనడానికి కూడా అదే రుజువు.

వార్తల భాగం ‘మన కుటుంబం’ అనే మాటతో మొదలవుతుంది. ఈ ఏడాది ఎన్ని గుండె ఆపరేషన్లు చేశారో, ఏ అంతస్తుకు రోబో వచ్చిందో, ఏ ఊళ్లో కొత్త శాఖ తెరిచారో, ఎన్‌ఏబీహెచ్ నాణ్యతా గుర్తింపు ఎన్నోసారి దక్కిందో అందులో ఉంటుంది. ఎన్ని స్టాఫ్ నర్సు పోస్టులు ఖాళీగా ఉన్నాయో ఉండదు. మానేసి గల్ఫ్‌కో బ్రిటన్‌కో వెళ్లిపోయిన మలయాళీ, తెలుగు సిస్టర్ల ప్రస్తావన ఒకే వాక్యంలో వస్తుంది: కొత్త అవకాశాలు అందుకున్న మిత్రులకు శుభాకాంక్షలు. వాళ్ల స్థానంలో ఎవరూ రాలేదన్న సంగతిని వార్డులో మిగిలినవాళ్లు రోస్టర్ చూసి గ్రహించాలి.

కుటుంబం అన్నాక అందులో ఎవరెవరు ఉన్నారన్న ప్రశ్న వస్తుంది. స్ట్రెచర్ తోసే వార్డు బాయ్, బెడ్‌పాన్ తీసే ఆయా, అంతస్తులు తుడిచే కార్మికురాలు, గేటు దగ్గర సెక్యూరిటీ చాలా ఆసుపత్రుల్లో ఏజెన్సీ మనుషులు. సర్క్యులర్ వాళ్ల దాకా వెళ్లదు, ఎందుకంటే వాళ్లకు సంస్థ ఈమెయిల్ లేదు. క్రిస్మస్ కేకు లెక్కలోనూ వాళ్లు లేరు, ఎందుకంటే లెక్క హెచ్‌ఆర్ జాబితా ప్రకారం కట్టారు. కేకు కోసిన హాలు ఊడ్చే వేళకు మాత్రం కుటుంబంలోకి తిరిగి వస్తారు.

వార్తల్లో ఎన్నడూ చోటు దక్కని వార్త ఒకటుంది. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ప్రైవేటు ఆసుపత్రి నర్సుల జీతభత్యాలు, పని పరిస్థితులపై కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ లెక్కలు కట్టి మరీ చెప్పింది. 200 పడకలు మించిన ఆసుపత్రిలో జీతం రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలి. 100 పడకలు మించితే ఆ జీతం కన్నా 10 శాతానికి మించి, 50 నుంచి 100 పడకల్లో 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్న చోట కూడా నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఇవ్వకూడదు. పదేళ్లుగా ఏ డిసెంబరులోనైనా వేసుకోదగిన వార్తే. రోబో ఫొటో పెద్దదవడం వల్ల దీనికి చోటు చాలడం లేదు కాబోలు.

రెండో భాగమైన ఆరోగ్య సూచనల్లో అగ్రస్థానం నీళ్లది. రోజుకు ఎనిమిది గ్లాసులు తాగాలి. ఈ లెక్కకు మూలంగా సాధారణంగా చూపేది 1945లో అమెరికా పోషకాహార మండలి ఇచ్చిన సలహా. రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలంటూనే, అందులో ఎక్కువ భాగం తినే ఆహారంలోనే ఉంటుందని కూడా ఆ మండలి రాసింది. రెండో వాక్యం దారిలో ఎక్కడో జారిపోయింది. అది జారిపోయినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే ఐసీయూ నర్సుకు మొదటి వాక్యం కూడా అందుబాటులో లేదు. వెంటిలేటర్ మీదున్న రోగిని వదిలి బాత్రూముకు వెళ్లాలంటే మరో మనిషి వచ్చి నిలబడాలి. ఆ మరో మనిషి రోస్టర్‌లో లేదు. కాబట్టి డ్యూటీ ఎక్కే ముందు నీళ్లు తగ్గించడం అక్కడ పాత అలవాటు. దాని ఫలితం మూత్రంలో మంట, దానికి యాంటీబయాటిక్. ఆసుపత్రి ఫార్మసీలో సిబ్బందికి రాయితీ ఉంటే ఆ సంగతి వార్తల భాగంలో తప్పక కనిపిస్తుంది.

తర్వాతి సూచన పదివేల అడుగులు. ఈ సంఖ్య 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక యంత్రాన్ని అమ్మడానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది. వైద్యులు ముందుగా తేల్చిన మోతాదేమీ కాదు. పైగా అది కుర్చీలో కూర్చుని బతికేవాళ్ల కోసం. క్యాజువాలిటీ నుంచి స్కానింగుకు, స్కానింగు నుంచి వార్డుకు, వార్డు నుంచి బ్లడ్ బ్యాంకుకు రోజంతా నడిచే ఆయాకు అడుగుల సవాలు విసరడంలోని వినోదం సవాలు విసిరేవారికి తెలియదు. వారి గది లిఫ్టు పక్కనే ఉంటుంది.

మూడోది నిద్ర. రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోవాలని రాసిన కాగితం మీది తారీఖు, నెలకు పది రాత్రుల డ్యూటీ వేసిన రోస్టర్ మీది తారీఖు ఒకటే అయిన సందర్భాలు లేకపోలేదు. శరీర గడియారాన్ని తలకిందులు చేసే షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి, రాత్రి షిఫ్టు పనిని అదే వర్గంలో ఉంచింది. ఆసుపత్రి రాత్రిళ్లు మూసుకోలేదు, నిజమే. కానీ వరుసగా ఎన్ని రాత్రులు వేయాలి, రాత్రి దిగినవాళ్లకు ఎన్ని గంటల విరామం ఇవ్వాలి, మధ్యలో కాసేపు నడుం వాల్చడానికి గది ఉండాలా వద్దా అన్నవి నర్సు ఇష్టాయిష్టాలు కావు. సర్క్యులర్ వీటిని వదిలేసి, పడుకునే ముందు ఫోను చూడొద్దని చెబుతుంది. పగలు పదకొండు గంటలకు పడుకునే మనిషికి ఆ సమయంలో వచ్చే ఫోను సాధారణంగా వార్డు నుంచే వస్తుంది, సాయంత్రం డ్యూటీకి రాగలరా అని.

చేతుల శుభ్రత అధ్యాయానికి కాస్త చరిత్ర ఉంది. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడు, శవపరీక్ష గది నుంచి వచ్చే డాక్టర్లు క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు జూన్ నాటికి 2 శాతం దగ్గరకు దిగాయి. ఆయన పోస్టర్ అంటించి ఊరుకోలేదు, కడుక్కునే మందు నీళ్లు అందుబాటులో పెట్టించాడు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేతులు శుభ్రం చేసుకోవలసిన సందర్భాలు ఐదు: రోగిని తాకే ముందు, శుభ్రమైన చికిత్స పనికి ముందు, శరీర ద్రవాలు తగిలే పని తర్వాత, రోగిని తాకిన తర్వాత, రోగి పరిసరాలు తాకిన తర్వాత. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40 నుంచి 60 సెకన్లు.

దీన్ని లెక్కగా చూస్తే ఎలా ఉంటుందో ఏ సర్క్యులరూ చూపదు. ఒక నర్సు చేతిలో పన్నెండు మంది రోగులున్నారనుకుంటే, ఒక్కొక్కరి దగ్గరకు షిఫ్టులో ఆరుసార్లు వెళ్తుందనుకుంటే, ముందొకసారి, తర్వాతొకసారి కలిపి 144 సార్లు. ఒక్కోసారి కనీసం 20 సెకన్లు, అంటే 48 నిమిషాలు. శానిటైజర్ సీసా ఖాళీగా ఉంటే దాన్ని వెతికే సమయం ఇందులో కలపలేదు. ఆ 48 నిమిషాల కోసం అదనంగా ఒక్క మనిషిని కూడా తీసుకోరు గనుక ఆ సమయం ఎక్కడి నుంచో కోత పడాలి: చేతుల నుంచో, రోగి నుంచో, నర్సు భోజనం నుంచో. అయినా ఏడాది చివర ఆడిట్‌లో చేతుల శుభ్రత 95 శాతం దాటుతుంది. క్లిప్‌బోర్డు పట్టుకున్న మనిషి వార్డులోకి వచ్చినప్పుడు అందరూ చేతులు కడుక్కుంటారు. ఆ మనిషి వెళ్లాక ఏం జరిగిందో రాయడానికి ఫారంలో గడి లేదు.

సర్క్యులర్ మొత్తంలో సాహసంతో కూడిన వాక్యం టీకాల దగ్గర వస్తుంది: ‘మీ హెపటైటిస్-బి టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకోండి, ఏడాదికొకసారి ఆరోగ్య పరీక్షలు చేయించుకోండి.’ దయగల మాటలాగే ఉంటుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇదే విషయాన్ని వేరే వ్యాకరణంలో చెబుతున్నాయి. వ్యర్థాలు ముట్టుకునే సిబ్బంది అందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం వంటి వాటికి టీకాలు వేయించవలసినది ఆసుపత్రి. పనిలో చేరినప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికి కనీసం ఒకసారి ఆరోగ్య పరీక్షలు జరిపి రికార్డులు ఉంచవలసినదీ ఆసుపత్రే. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల దగ్గర పనిచేసే ఏజెన్సీ కార్మికురాలికి కూడా ఇది వర్తిస్తుంది. యజమాని మీదున్న చట్టబద్ధమైన బాధ్యతను ఉద్యోగికి ఇచ్చే స్నేహపూర్వక సలహాగా మార్చడం ఈ రచనా ప్రక్రియ సాధించిన గొప్ప విజయం. అప్పు తీసుకున్నవాడు అప్పిచ్చినవాడికి పొదుపు గురించి ఉపన్యాసం ఇచ్చినట్టు.

సూది గుచ్చుకోవడం ఇక్కడే ప్రస్తావించాలి. టీకా లేని మనిషికి రోగి వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి సోకే అవకాశం 30 శాతం దాకా ఉండవచ్చు. హెపటైటిస్-సికి సుమారు 3 శాతం, హెచ్‌ఐవీకి 0.3 శాతం అని వైద్య విద్యార్థులు కంఠస్థం చేస్తారు. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అంటే గుచ్చుకున్న వెంటనే చెప్పడం ప్రాణరక్షణ. చెప్పినవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న మాత్రం ‘సూదికి మూత ఎందుకు పెట్టావు?’, రెండోది ‘గ్లవ్స్ వేసుకున్నావా?’, ఆ తర్వాత రాతపూర్వక సంజాయిషీ. దాంతో చాలామంది వేలు కుళాయి కింద పెట్టి మాట్లాడకుండా పనిలోకి వెళ్లిపోతారు. డిసెంబరులో వార్తల భాగం ఆ ఏడాది సూది ప్రమాదాలు సున్నా అని ప్రకటిస్తుంది. పోస్టర్‌లో ఆ సున్నా బంగారు రంగులో ఉంటుంది.

ఒత్తిడి గురించి చెప్పే పేరాలో యోగా, ధ్యానం, కృతజ్ఞతల డైరీ ఉంటాయి. జూనియర్ డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక వెబినార్ ఉంటుంది. అది వాళ్ల డ్యూటీ సమయంలో కాకుండా ఆదివారం పెడతారు. 1992లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన రెసిడెన్సీ పథకం జూనియర్ రెసిడెంట్లు మామూలుగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకుండా పనిచేయాలంది. అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చన్న వెసులుబాటు పక్కనే ఉంది గనుక అవసరమే నియమమైంది, 36 గంటల డ్యూటీ మర్యాద అయింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య కార్యదళం వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. 32 ఏళ్లలో దేశం 26 గంటలు ముందుకు నడిచిందన్నమాట.

సెలవుల పేరాను మాత్రం సిబ్బంది నిజంగా చదువుతారు. డిసెంబరు 31తో మిగిలిన సీఎల్‌లు (క్యాజువల్ లీవులు) రద్దయిపోతాయి, కాబట్టి వాడుకుని కుటుంబంతో గడపండి అంటుంది. దాని కిందే పండుగల రద్దీ వల్ల డిసెంబరు 20 నుంచి సెలవులు మంజూరు కావని ఉంటుంది. 31 రాత్రి తాగి బండి నడిపినవాళ్లతో క్యాజువాలిటీ నిండుతుంది గనుక ఆ రాత్రి వీక్లీ ఆఫ్‌లు కూడా ఉండవు. రెండు వాక్యాలూ ఒకే ఫాంటులో, ఒకే సంతకం పైన ఉంటాయి. ఏడాది పొడవునా అడిగినప్పుడు స్టాఫ్ లేరన్నారు, ఏడాది చివర అడగలేదన్నారు.

ఈ ప్రక్రియ దేశవ్యాప్తంగా ప్రదర్శితమైన ఏడాది, కోవిడ్ వచ్చిన 2020. మార్చి 22న చప్పట్లు, ఏప్రిల్ 5న దీపాలు, మే 3న హెలికాప్టర్ల నుంచి ఆసుపత్రుల మీద పూల వాన. అప్పుడే అదే ఆసుపత్రుల్లో మాస్కులు లెక్కపెట్టి ఇచ్చారు, ఒకే మాస్కును రోజుల తరబడి వాడుకున్నారు. రాలిన పూలు ఊడ్చింది ఎవరో చెప్పనక్కర్లేదు.

గుర్తుచేయడంలో తప్పేముందని ఈ సర్క్యులర్‌ను సమర్థించేవారు అంటారు. తప్పేమీ లేదు. ఫ్లూ టీకా మంచిదే, చేతులు కడుక్కోవడం అంతకన్నా మంచిది, నిద్ర అన్నిటికన్నా మంచిది. గుర్తుచేయడానికి ఖర్చు కాదు అని కూడా అంటారు. ఈ ప్రక్రియ ఇంతకాలం నిలబడటానికి కారణం సరిగ్గా అదే. ఐసీయూకు ఇంకో నర్సును వేస్తే ఖర్చు. సూది దానంతటదే లోపలికి ముడుచుకునే సిరంజీలు కొంటే ఖర్చు. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట 2017 చట్ట సవరణ అడిగిన శిశు సంరక్షణ కేంద్రం పెడితే ఖర్చు. పోస్టర్‌కు డిజైనర్ చాలు, ఆ డిజైనర్ కూడా ఏజెన్సీ మనిషే.

వచ్చే డిసెంబరులో సర్క్యులర్ రాసే పెద్దలు సూచనలన్నీ అలాగే ఉంచుకోవచ్చు. వాటి కింద నాలుగు అంకెలు మాత్రం చేర్చండి: ఖాళీగా ఉన్న నర్సు పోస్టులు ఎన్ని, ఏజెన్సీ కార్మికులతో సహా హెపటైటిస్-బి మూడు డోసులూ పూర్తయినవాళ్లు ఎందరు, సూది గుచ్చుకుందని చెప్పినవాళ్లు ఎందరు, అడిగినా ఇవ్వక రద్దయిన సెలవులు ఎన్ని. ఆ కాగితాన్ని సిబ్బంది సంతకం అడగకుండానే చదువుతారు.