ఆటోనగర వాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

కావ్యములకు గాక మేస్త్రీల మాటలకు గూడ వ్యాఖ్యానము లేలయని శంకించువారు కలరు. వేదము వేంకటరాయశాస్త్రులవారు ఆముక్తమాల్యదకు వ్యాఖ్య రచింపకపోయిన యెడల మనకు కొన్ని పద్యములు కొఱుకుడు పడకుండెడివి, అంతియే. విజయవాడ ఆటోనగరులో బానెట్టు ఎత్తి పట్టుకొని ఒక మేస్త్రి పలికిన వాక్యము కొఱుకుడు పడకపోయినచో ఇంజను చెడును, జేబు చిరుగును. కావున ఈ ప్రయత్నము.

1960ల దశాబ్దమున పటమట దాపున వెలసి, లారీలకు బాడీలు గట్టుట మొదలు నట్టు బిగించుట దాక సర్వవిద్యలకు నెలవై, తుదకు 2014లో ఒక చలనచిత్రపు పేరులోనికి గూడ ఎక్కిన జవహర్ ఆటోనగరున శాస్త్రమంతయు నోటినుండి చెవికి, గురువునుండి స్పానర్లందించు కుఱ్ఱవానికి సంక్రమించుచుండును. గ్రంథము లేదు, కొలతల పట్టిక గోడకు వ్రేలాడదు. ఉన్నదెల్ల కొద్దిమాటల సూత్రమే. ప్రకృత సూత్రమునకు సందర్భ మెట్టిదనగా, పామఱ్ఱు వాస్తవ్యులగు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులవారి శాంట్రో కారు, ఆ జాతి 1998లో మన రోడ్లకెక్కిన తొలిదినములనాటిది, పదునైదేండ్ల రిజిస్ట్రేషను గడువు దాటి, ఐదేండ్లకొకమారు ఆయువు పొడిగించుకొనుచు, ఈ నడుమ ఉదయమున స్టార్టయిన వెంటనే వణకుటయు, బందరు రోడ్డున లారీని దాటబోవువేళ మిస్సింగు కొట్టుటయు మొదలుపెట్టెను. మేస్త్రి ప్లగ్గులు విప్పి చూచి, ఎయిర్ ఫిల్టరు దులిపి, వేస్టుగుడ్డతో చేతులు తుడుచుకొనుచు ఇట్లనియెను.

మూలము

"పాత ఇంజక్టర్లు పీకేసి కొత్త మోడలియ్యి ఏసేద్దాం మాస్టారూ, పికప్పు అదిరిద్ది, మైలేజీ కూడా పెరిగిద్ది, ఆపైన మీ ఇష్టం."

టీక

పాత ఇంజక్టర్లు = ఇంజనులోనికి గాలిపోవు దారియందు వాల్వునకు ఎదురుగా గూర్చుండి, పెట్రోలును తుంపరగా చిమ్ము విద్యుత్సాధనములు; సిలిండరునకొకటి చొప్పున నాలుగు. లోపల సన్నని సూది, దానిని అదిమి పట్టు స్ప్రింగు, చుట్టును రాగితీగ చుట్ట. కరెంటు పారిన సూది వెంట్రుకవాసి లేచును, ఆగిన దిగును. కార్బురేటరును వెడలగొట్టి ఇవి మన చిన్నకార్లలోనికి వచ్చుటకు కంపెనీల ఔదార్యము కంటె 1999లో సర్వోన్నత న్యాయస్థానము ఢిల్లీ ప్రాంతపు క్రొత్తకార్లకు యూరో నియమములను విధించుటయే ఎక్కువ కారణము. ఆ దినములలో మారుతీ కార్లు "ఎం.పి.ఎఫ్.ఐ." యను అక్షరములను వెనుక బిరుదముగా దగిలించుకొని ఊరేగుట పాఠకులు మఱచియుండరు. ఇచ్చట "పాత" యను విశేషణము వయస్సును గాక అవస్థను చెప్పుచున్నదని గ్రహింపవలెను: ఏండ్లు గడచినకొలది మూతివద్ద బంక పేరుకొని, తుంపర కావలసినది ధారయగును, సూది సరిగా మూసికొనక ఇంజను ఆగిన పిదపను బొట్టు రాలును.

కొత్త మోడలియ్యి = క్రొత్త తరహావి. ఈ పదమున అతివ్యాప్తి దోషము కలదు. క్రొత్తవానిలో సిలిండరు లోనికే నేరుగా వంద బార్లకు మించిన ఒత్తిడితో చిమ్మునవి కలవు. వేయి బార్లు దాటిన డీజిలు కామన్ రైలువియు కలవు. అవి ఈ ఇంజనునకు ఎన్నటికిని సరిపడవు. మేస్త్రి హృదయమున నున్నది, వాల్వు ముందు చిమ్ము జాతిలోనే తర్వాతి తరము. పాతతరమున సూదిమొన చుట్టును ఒక్క కంత. క్రొత్తతరమున పలుచని రేకునకు నాలుగో, అంతకు మించియో సూక్ష్మరంధ్రములు. బిందువు చిన్నదైనకొలది త్వరగా ఆవిరియగును గనుక చల్లని ఇంజను ఉదయమున మొరాయింపదు. మేస్త్రి మాటలో సారమున్నది ఇక్కడనే.

ఇక చిక్కు. ఎంత పెట్రోలు పోవలెనో నిర్ణయించునది ఇంజక్టరొక్కటియే గాదు. బందరు కాలువక్రింద సేద్యము చేసినవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు: ఎగువ నీటిమట్టము, తూము కంత, లస్కరు తలుపెత్తి యుంచిన వ్యవధి, ఈ మూటినిబట్టి చేనికి నీరు. ఇందు పంపు పుట్టించు ఒత్తిడి నీటిమట్టము, ఇంజక్టరు తూము, కారులోని కంప్యూటరు లస్కరు. లస్కరునకు పాత తూము కొలతయే కంఠస్థము. రాత్రికిరాత్రి తూము మార్చిన సంగతి అతనికెవరును చెప్పరు. అతడు పాతలెక్క ప్రకారమే తలుపెత్తును. పెద్ద తూమైనచో చేను మునుగును, చిన్నదైనచో ఎండును. మఱియు, తూమునకును ఇంజక్టరునకును చట్ట మొకటియే: ఎగువమట్టము రెట్టింపైన ప్రవాహము రెట్టింపు కాదు, మట్టముయొక్క వర్గమూలమునుబట్టి హెచ్చును, తగ్గును. కొన్ని క్రొత్త కార్ల ఇంజక్టర్లు నాలుగు బార్ల ఒత్తిడికి కొలిచినవి. నిమిషమునకు 200 మిల్లీలీటర్లు చిమ్మునని పెట్టెపై వ్రాసిన అట్టిదానిని మూడు బార్ల పాతకారునకు బిగించిన, అది చిమ్మునది 173 మాత్రమే. పెట్టెపై అంకెను చూచి కొనువారు ఏ ఒత్తిడికి వ్రాసిన అంకెయో అడుగనిచో, అంగడివాడు తనంత తాను చెప్పడు.

ఏసేద్దాం = బిగింతము. ఈ క్రియకు కర్త మేస్త్రియు, యజమానియు నని ఉత్తమపురుష బహువచనమువలన తోచును. నష్టము వచ్చినప్పుడు ఏకవచనమగును. బిగించుటలో మొదటి విచారము కొలత. క్రొత్తది పొట్టిదైనచో ఇంజక్టర్లకు పెట్రోలందించు గొట్టమగు రైలునకు అందదు, అందుకొఱకు అడుగున ముక్క పెట్టుదురు. మీదను క్రిందను ఓ-రింగులు తప్పక క్రొత్తవి వేసి, బొట్టు ఇంజనాయిలు రాచి, చేతితో మెత్తగా కూర్చుండబెట్టవలెనే గాని సుత్తితో తట్టరాదు; రింగు తెగి పెట్రోలు కాఱినచో దగ్గఱనే కాగుచున్న ఇంజను ఉన్నది, తరువాతి కథ ఫైరింజనువారు చెప్పుదురు. రెండవది కప్లరు, అనగా కరెంటు తీగలను ఇంజక్టరునకు తగిలించు మూతి. పాతదాని మూతి యొక రూపము, క్రొత్తదాని మూతి మఱియొక రూపము. రెంటిని కలుపు అడాప్టరు తీగలు దొరకుచున్నను, "ఎందుకు మాస్టారూ దండగ" యని పాత కప్లరు కత్తిరించి, తీగలు మెలిపెట్టి, నల్లటేపు చుట్టుట ఆటోనగరు సంప్రదాయము. ఆ సంప్రదాయమును మేము గౌరవింపము.

మూడవది రెసిస్టెన్సు. దీనిని మేస్త్రి చెప్పలేదు, అడిగినను చెప్పడు, మీటరు పట్టిన ఎలక్ట్రీషియను చెప్పును. సాధారణముగా ఇంజక్టరు చుట్టకు 12 మొదలు 16 ఓముల నిరోధముండును, ఒక ఆంపియరు ప్రాంతపు కరెంటు లాగును. కొన్ని జాతులకు రెండు మూడు ఓములే. అవి దానికి పలురెట్లు లాగి, కంప్యూటరులోపల స్విచ్చుపని చేయు ట్రాన్సిస్టరును దహించును. క్రొత్త ఇంజక్టరు రెండు కాళ్లపై మల్టీమీటరు ముళ్లు పెట్టి అంకె చూచుటకు క్షణము చాలును. కాలిన కంప్యూటరునకు జోడు వెదకుటకు ఆటోనగరు స్క్రాపు దుకాణములన్నియు తిరుగవలెను.

పికప్పు అదిరిద్ది = వేగమందుకొనుట దివ్యముగా నుండును. ఇందు శ్లేష. కంప్యూటరు ఆజ్ఞ వెలువడిన పిదప సూది లేచుటకు సుమారొక మిల్లీసెకను జాగగును. ఆ జాగు క్రొత్తదానికి వేఱు. వేగముగా బోవునప్పుడు తలుపు చాలసేపు తెఱచియుండును గనుక ఆ తేడా లెక్కకు రాదు. ఐడిలింగులో మొత్తము తెఱచియుంచునదే రెండు మూడు మిల్లీసెకన్లు గనుక అందులో మూడవవంతు మిల్లీసెకను తప్పినను ఇంజను కుదురుగా నిలువదు. అట్టి కారు జాతీయ రహదారిపై చక్కగా పోవును, బెంజి సర్కిలు సిగ్నలువద్ద నిలిచినప్పుడు స్టీరింగుతో సహా అదురును. మేస్త్రి వాక్యము రెండర్థములను సత్యమే.

మైలేజీ కూడా పెరిగిద్ది = ఫలశ్రుతి. వ్రతకథల చివర నుండునట్టిదే. సైలెన్సరు గొట్టమునందు ఆక్సిజను సెన్సారున్న కార్లలో కంప్యూటరు మిశ్రమమును కొంతమేరకు తానే సవరించుకొనును గావున, ఇంజక్టరు మంచిదైనంత మాత్రమున ఖర్చు అంతగా తగ్గదు. చెడినది బాగుపడినప్పుడు మాత్రము, చెడినంతమేర తిరిగి వచ్చును. పైగా నేటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు చెరకునుండియు ధాన్యమునుండియు పుట్టిన ఇథనాలు. మన డెల్టాలో పండునవి రెండును గనుక మేము దానిని నిందింపజాలము. కాని శుద్ధమైన పెట్రోలు ఒక పాలునకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలసియుండగా ఈ మిశ్రమమునకు 13.5 ప్రాంతమే చాలును. అనగా అదే గాలికి ఎక్కువ ఇంధనము కాలును. ఆ లోటు ఏ ఇంజక్టరును పూడ్చలేదు.

పాఠాంతరము: గుడివాడ షెడ్లలో "మైలేజీకి మాత్రం గ్యారంటీ లేదండోయ్" అను పాఠము వినవచ్చుచున్నది. ఇది ప్రక్షిప్తమని మా మతము. అంతటి నిజము పని ఒప్పుకొనుటకు ముందు మేస్త్రినోట వెలువడదు.

ఆక్షేపము, సమాధానము

"పాతవానిని శుభ్రపఱచిన చాలదా, మార్చుటేల?" అని పూర్వపక్షము. ఇది బలమైన పూర్వపక్షము. సిద్ధాంతమును సగము మ్రింగినది. ప్రధానోపాధ్యాయులవారు ఈ ప్రశ్ననే వేసి, ఇంజక్టర్లు కడుగు దుకాణమునకు వానిని పట్టుకొని పోయిరి. అచ్చట ఎదురుగా నాలుగు గాజుగొట్టములు, వానిపై గీతలు, పైన బిగించిన నాలుగు ఇంజక్టర్లు. మీట నొక్కగానే టకటకమని నాలుగును చిమ్మనారంభించెను. మాస్టారు కండ్లజోడు నుదుటికి నెట్టి, పరీక్షహాలులో కాపీకొట్టు విద్యార్థిని చూచునట్లు వంగి చూచిరి. మొదటిది, రెండవది, నాలుగవది సమముగా నిండుచుండగా మూడవగొట్టమున ద్రవము సగమునకు దిగువనే నిలిచిపోయెను. దాని చిమ్ము శంఖాకారమున గాక ఒక ప్రక్కకు వాలిన పురికొసగా నుండెను. అల్ట్రాసోనిక్ తొట్టిలో ముంచి తీసిన పిదప మట్టము గీతదాక వచ్చెను గాని, మీట ఆపినను మూతినుండి బొట్టు బొట్టుగా రాలుట మానలేదు. కారు ఉదయపు వణకునకు హేతువు ఆ బొట్టే.

కావున సిద్ధాంత మిది: ముందు కడిగి కొలువవలెను, కొలతకు వచ్చిన మార్చనక్కరలేదు, కాఱునది యున్న మార్చవలెను, మార్చినచో నాలుగును ఒక్కమారే, ఒక్క జాతివే మార్చవలెను. మూడు పాతవి, ఒకటి క్రొత్తది యైనచో నాలుగు సిలిండర్లకును ఒకే ఆజ్ఞ ఇచ్చు కంప్యూటరునకు న్యాయము చేయుట సాధ్యముకాదు. అదే ఒత్తిడివద్ద అదే ప్రవాహము, అదే రెసిస్టెన్సు, అదే కొలత ఉన్న క్రొత్త తరహావి దొరకినచో మేస్త్రి వాక్యము ప్రమాణము. దొరకనిచో కంపెనీ పార్టే ప్రమాణము, ధర యెట్లున్నను.

ఆపైన మీ ఇష్టం = బాధ్యతాసమర్పణము. వాక్యమునకెల్ల ప్రాణమిదే. శాస్త్రము తెలిసిన మేస్త్రి, శాస్త్రము తెలియని యజమానికి నిర్ణయాధికారమును వినయముగా అప్పగించుచున్నాడు. ఈ ఆరు అక్షరములవలన రేపు ఏమైనను "మీరే కదా ఏయమన్నారు" అనుటకు ఆధారము సిద్ధమైనది. న్యాయవాదులు పుటలకొలది వ్రాసి సాధింపలేనిది!

పాఠకులకు మా మనవి యొకటి. ఈ వాక్యము మీకును వినబడిన దినమున తలయూచుటకు ముందు, ప్రవాహమెంత, ఏ ఒత్తిడికి, ఓములెన్ని అని మూడు ప్రశ్నలు వేయుడు. పిమ్మట మార్పించినను, ఊడదీసిన పాతవానిని షెడ్డులో విడువక, మూతులకు గుడ్డచుట్టి ఒక డబ్బాలో బెట్టి ఇంటికి తెచ్చుకొనుడు. కప్లర్లు కత్తిరింపనియ్యకుండిన, ఆ పాతవి ఎప్పుడైనను తిరిగి బిగింపవచ్చును.