గుంటకో లెక్క, గోల్‌కో లెక్క

కుర్ర స్ట్రైకర్ ఫారం పోయిందట. ఎవరు చెప్పారు? ఫోన్ చెప్పింది. మైపాడు రోడ్డు మీది టీ కొట్టు నుంచి టీవీ స్టూడియో దాకా ఇప్పుడు అందరి చేతిలోనూ ఒకటే పట్టిక: ఆడిన మ్యాచ్‌లు, కొట్టిన షాట్లు, గోల్స్, ఎక్స్‌జీ. గోల్స్ గడిలో సున్నా ఉంది. ఇంకేం కావాలి, తీర్పు అయిపోయింది. పెనాల్టీ బాక్స్ అంటే కొరియర్‌లో వచ్చే డబ్బా అనుకునేవాడు కూడా "తొంభై నిమిషాలకి సున్నా పాయింట్ ఒకటి ఎనిమిది, లాభం లేదు మామా, తీసెయ్యాల వీణ్ణి" అంటాడు. తీసెయ్యాల్సినవాడికి ఇరవై ఏళ్ళు. తీసెయ్యమన్నవాడు ఇంటర్ మూడుసార్లు రాసి గట్టెక్కినవాడు. అప్పట్లో వాడి ఫారం మీద ఎవరూ పట్టిక వెయ్యలేదు, అదృష్టవంతుడు.

ఎక్స్‌జీ మీద నాకు కోపమేమీ లేదు. ముచ్చటైన లెక్క అది. పాత మ్యాచ్‌ల్లోని వేల షాట్లు ముందేసుకుని, ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, కాలితోనా తలతోనా అని చూసి, ఇలాంటి షాట్ నూటికి ఎన్నిసార్లు గోలవుతుందో చెబుతుంది. పెనాల్టీకి ముప్పావు పైచిలుకు. మూల నుంచి గాల్లోకి లేపిన దానికి బొటాబొటిగా రెండో మూడో పైసలు. అన్నీ కూడితే కుర్రాడికి దక్కిన అవకాశాల బరువు తేలుతుంది. గోల్స్ లేకపోయినా ఎక్స్‌జీ బాగుంటే, కుర్రాడు చేరాల్సిన చోటికి చేరుతున్నాడు. ఎక్స్‌జీ కూడా లేదంటే, చాలాసార్లు అసలు బంతే అతని దాకా రావట్లేదు. ఈ రెండో మాట దగ్గరే మన పండితులు పేజీ తిప్పేస్తారు. బంతి రాలేదంటే తప్పు ఇంకెవరిదో అవుతుంది. ఆ ఇంకెవరికో తిట్టి పోస్ట్ చేసుకోడానికి ఫోటో దొరకదు.

పోనీ చిన్న లెక్క కడదాం. మామూలు షాట్ పదింటికి ఒకటి గోలవుతుందనుకోండి. అలాంటి పది షాట్లు కొట్టిన స్ట్రైకర్‌కి, కాల్లో లోపం లేకుండా, బుర్రలో దిగులు లేకుండా, ఒక్క గోలూ పడకపోయే అవకాశం నూటికి 35. అంటే ముగ్గురు మంచివాళ్ళలో ఒకడు ఉత్తపుణ్యానికే సున్నా దగ్గర ఆగిపోతాడు. మ్యాచ్‌కి ఒక్క షాట్ దక్కే కుర్రాడికి పది షాట్లంటే దాదాపు సగం సీజన్. ఈలోగా వాడి కెరీర్‌కి మూడు సంతాప సభలు అయిపోతాయి.

చిత్రమేమంటే, ఈ మాట మా తీరంలో ఒకరు చెప్పాల్సింది కాదు. విడవలూరు నుంచి ముత్తుకూరు దాకా రొయ్యల గుంట ఉన్న ప్రతివాడూ గణాంకాల్లో ఆరితేరినవాడే. ఒక్క విసురువల వేసి, వచ్చినవి చూసి గుంట పోయిందనే రైతు ఎవడైనా ఉన్నాడా? నాలుగు మూలలా వేస్తాడు. చెక్‌ట్రే ఎత్తి మేత తిన్నాయా, మిగిల్చాయా చూస్తాడు. కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో ఎఫ్‌సీఆర్ కడతాడు. బరువు రాలేదంటే ముందు రొయ్యని తిట్టడు. నీళ్ళు చూస్తాడు, ఆక్సిజన్ చూస్తాడు, రాత్రి కరెంటు పోయినప్పుడు ఏరేటర్లు ఎంతసేపు ఆగాయో కాపలావాణ్ణి నిలదీస్తాడు, తెల్లారాక సీడిచ్చిన హ్యాచరీ మీదికి పోతాడు. మేత పొయ్యకుండా కౌంట్ రాలేదని రొయ్య మీద ప్రెస్‌మీట్ పెట్టినవాణ్ణి నేనింకా చూడలేదు. పైగా ఇక్కడ కిలోకి వంద తూగితే వంద కౌంట్, ముప్ఫై తూగితే ముప్ఫై కౌంట్. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర చిన్నది. ఏ అంకె ఏం చెబుతుందో తెలియనివాడు ఒక్క పంటకే అప్పులపాలవుతాడు. ఇంత తెలివీ గట్టు మీద వదిలేసి, రాత్రి ఫోన్ ముందు కూర్చోగానే "వీడికి గోల్ వాసన తెలీదబ్బా" అంటారు.

అలా వాసన తెలీదనిపించుకున్నవాణ్ణి ఒకణ్ణి చూద్దాం. మాంచెస్టర్ యునైటెడ్ 2023లో రాస్మస్ హోయ్‌లుండ్ అనే ఇరవయ్యేళ్ళ డేన్‌ని కోట్లు పోసి కొనుక్కుంది. ప్రీమియర్ లీగ్‌లో మొదటి 14 మ్యాచ్‌లకి గోల్స్ సున్నా. మన టీ కొట్టు అతన్ని డిసెంబర్ నాటికే ఓడెక్కించి పంపేసింది. డిసెంబర్ 26న ఆస్టన్ విల్లా మీద మొదటి గోల్ పడింది. ఆ మ్యాచ్‌తో కలిపి తను ఆడిన వరస 6 లీగ్ మ్యాచ్‌ల్లో 7 గోల్స్ కొట్టాడు. అంత చిన్న వయసులో వరసగా ఆరు మ్యాచ్‌ల్లో గోల్ చేసినవాడు ఆ లీగ్‌లో అంతకుముందు లేడు. అయ్యో, పొరబడ్డామని టీ కొట్టు అందా? అనలేదు. మరుసటి సీజన్ 32 మ్యాచ్‌లకి 4 గోల్సే వచ్చేసరికి "నేనప్పుడే చెప్పలా" అంది. మధ్యలోని ఆరు మ్యాచ్‌లూ దానికి గుర్తే లేవు.

డెన్మార్క్ కుర్రాడి బాధ డెన్మార్క్ చూసుకుంటుంది. మన సంగతి చూడండి. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో తెలుగు నేల మీద మొన్నటిదాకా ఉండింది ఒకే ఒక్క జట్టు, హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న గోవాలో కప్పు కొట్టింది. ఆ సీజన్‌లో బార్తొలొమ్యూ ఓగ్బెచే 18 గోల్స్ చేశాడు. నైజీరియావాడు, వయసు 37. గొప్ప ఆటగాడు, వంక పెట్టను. కాకపోతే 2014 నుంచి 2025 దాకా 11 సీజన్లు జరిగితే, గోల్స్ పట్టికలో అందరికంటే పైన ఒక్కసారైనా మనవాడు లేడు. ముందువరసలో సిద్ధాన్నం దిగుమతి చేసుకోవడం, మనవాణ్ణి 82వ నిమిషంలో లేపి "పో, నిరూపించుకో" అనడం. ఎనిమిది నిమిషాల్లో నాలుగు నిమిషాలు అవతలి గోల్‌కీపర్ నేలమీద పడుకుని ఉంటాడు.

ఆ హైదరాబాదే 2023-24లో జీతాలివ్వలేక, ఫిఫా నిషేధం నెత్తికెత్తుకుని, విదేశీయులు దాదాపు అందరూ సర్దుకుని వెళ్ళాక, కుర్రాళ్ళని మైదానంలోకి తోసింది. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 10 గోల్స్, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. అప్పుడు తేల్చారు మేధావులు: మన కుర్రాళ్ళకి ఫినిషింగ్ లేదని! అన్ని కొలతల్లో జీతం బకాయి నెలల కొలత ఒక్కటి మాత్రం ఏ యాప్‌లోనూ కనిపించలేదు. 2025లో ఆ జట్టు కాస్తా మూట కట్టుకుని ఢిల్లీ వెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. యజమానులు చేస్తే దీన్ని రిలొకేషన్ అంటారు. కుర్రాడు అదే పని చేస్తే నిలకడ లేదంటారు.

దేశం జట్టు కథా ఇంతే. 2024లో 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. మొత్తం గోల్స్ 4. వాటిలో ఒకటి సునీల్ ఛెత్రీ పెనాల్టీ, ఒకటి డిఫెండర్ రాహుల్ భేకే తలతో కొట్టింది. జూన్‌లో ఛెత్రీ రిటైరయ్యాడు, దేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. మార్చి 2025లో, హైదరాబాద్‌కి కప్పు తెచ్చిన ఆ మనోలో మార్కెజే ఇండియా కోచ్‌గా ఉండి, నలభయ్యేళ్ళ ఛెత్రీని వెనక్కి పిలిచాడు. ఛెత్రీ వచ్చి మాల్దీవుల మీద గోల్ కొట్టాడు కూడా. శభాష్. ఆయన స్థానంలోకి రావాల్సిన కుర్రాడు మాత్రం అప్పుడూ క్లబ్బు బెంచీ మీదే ఉన్నాడు, పట్టికలో తన నిమిషాలు లెక్కపెట్టుకుంటూ.

హైదరాబాద్ బడిపంతులు, ఒకప్పటి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గురించి ఇప్పుడు సినిమా కూడా వచ్చింది కాబట్టి చెబితే నమ్ముతారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని వెనకనుంచి తీసి స్ట్రైకర్‌గా ముందుకు పంపాడు. జర్నైల్ సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు. 2-1, స్వర్ణం. ఇవాళైతే ఆ రాత్రే నలుగురు కోట్లు తొడుక్కుని కూర్చుని "స్ట్రైకర్‌గా ఇతని గత పది మ్యాచ్‌ల ఎక్స్‌జీ ఎంతండీ?" అని అడిగి ఉండేవారు. తేడా కొడితే ఆ తిట్లు జర్నైల్‌కి కాదు, పంపినవాడికి పడేవి. పంపినవాడికీ ఆ సంగతి తెలుసు.

కాబట్టి పట్టికలు మానెయ్యమని అనను. ఇంకో రెండు వరసలు పెంచండి చాలు. ఫెడరేషన్ పెద్దలకీ, లీగ్ నడిపేవాళ్ళకీ తొంభై నిమిషాల లెక్క ఒకటి వెయ్యండి. 2025 జూలైలో వాళ్ళ మధ్య ఒప్పందం తేలక ఐఎస్ఎల్‌ని ఆపేశారు. సెప్టెంబర్ వచ్చింది, లీగ్ రాలేదు. డిసెంబర్ పోయింది, అప్పటికీ రాలేదు. అన్ని నెలలూ స్ట్రైకర్ లీగ్‌లో ఆడిన నిమిషాలు సున్నా, కాబట్టి అతని ఫారం మీద చర్చ నిరాటంకంగా సాగింది. మధ్యలో అక్టోబర్‌లో ఫెడరేషన్ లీగ్ వాణిజ్య హక్కులకి టెండర్ పిలిచింది. గడువు ముగిసేసరికి ఒక్క బిడ్ కూడా రాలేదు. షాట్స్ ఆన్ టార్గెట్: సున్నా. ఎవర్నీ బెంచీ మీద కూర్చోబెట్టలేదు.