‘ప్రొటెక్టివ్’ శబ్దమునకు టీకా తాత్పర్యము

మూలము: ప్రొటెక్టివ్ క్లోతింగ్ ధరించి మందు చల్లవలెను.

అవతారిక: పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలంలో మిర్చి, పత్తి వేసే ఇళ్ళకు ఈ వాక్యం పురుగుమందు డబ్బాతో పాటు వస్తుంది. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నియమాలు మందును తాకేవారికి రక్షణ దుస్తులు ఉండాలన్నాయి. కనుక ఇది విధివాక్యం, అర్థవాదం కాదు.

ప్రతిపదార్థము: ప్రొటెక్టివ్ = కాపాడునట్టి; క్లోతింగ్ = నిండుచేతుల చొక్కా, చేతితొడుగులు, మాస్కు, కళ్ళద్దాలు, బూట్లు మొదలగువానిని; ధరించి = డబ్బా మూత తీయకముందే తొడిగి; మందు = వైద్యము కానట్టి విషమును; చల్లవలెను = గాలికి ఎదురు నిలువక కొట్టవలెను.

వ్యాకరణ విశేషము: ప్రొటెక్టివ్ అన్నది విశేషణం. నామానికి ముందు నిలిస్తే ఆ నామమే కాపలాదారు. ప్రొటెక్టివ్ గ్లాసెస్ అన్నప్పుడు కాపాడేవి అద్దాలు, బతికేవి కళ్ళు. ‘ఈజ్’ వంటి క్రియ తరువాత నిలిస్తే కాపాడేది కర్త. ‘ఆఫ్’ లేక ‘టువార్డ్స్’ తరువాత వచ్చేది కాపుదల పొందేది. మదర్ ఈజ్ ప్రొటెక్టివ్ ఆఫ్ హర్ సన్ అని ఉదాహరణ. ముందు ‘ఓవర్’ చేరితే గుణమే దోషమవుతుంది: పాతికేళ్ళ కొడుకును చేను గట్టు దాటనివ్వని తల్లి ఓవర్ ప్రొటెక్టివ్.

కాల విశేషము: ఈ శబ్దం ఆపదకు ముందే పనిచేస్తుంది. తెగుళ్ళ మందు మాంకోజెబ్ ఆకు మీద పొరగా నిలిచి శిలీంధ్ర బీజాలను మొలకెత్తనివ్వదు. ఆకు లోపలికి దిగిన తెగులును తీయలేదు. అందుకే దానిని ప్రొటెక్టివ్ మందు అంటారు, క్యూరేటివ్ అనరు. బెట్టలో ఇచ్చే ప్రొటెక్టివ్ ఇరిగేషన్ కూడా అంతే. వాడబోయే పైరును నిలుపుతుంది, ఎండినదాన్ని లేపదు.

పూర్వపక్షము: ముక్కుకు చుట్టిన తువ్వాలు క్లోతింగ్ కాదా?

సమాధానము: క్లోతింగే, ప్రొటెక్టివ్ కాదు. తుంపరకు తడిసిన గుడ్డ విషాన్ని ఒంటికే అంటిపెడుతుంది. విశేష్యం దొరికినంత మాత్రాన విశేషణం సిద్ధించదు.

మరల పూర్వపక్షము: డబ్బా మీద గుర్తు ఆకుపచ్చగా ఉన్నదే?

సమాధానము: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్న వరుసలో విషం తగ్గుతుంది గాని పోదు. పచ్చరంగు చూసి చొక్కా విప్పరాదు.

తాత్పర్యము: కీడుకు ముందే అడ్డు నిలిచి, దానిని తనలోంచి దాటనివ్వనిదే ప్రొటెక్టివ్. ముందు రానిదానికి, అడ్డు నిలవనిదానికి ఈ శబ్దం చెల్లదు.