ఆడు బొమ్మకు సుడి: టీకా తాత్పర్య సహితం

తే.గీ.
తునక తునకగ వీడియో తోడి తెచ్చి
ముందు ముప్పది సెకనుల మూట గట్టి
వెనుక చూచినదానిని విడిచిపెట్టి
ఆడు బొమ్మకు సుడి యెట్టు లంటు నింక!

ప్రతిపదార్థం: తునక తునకగన్ = ముక్కలు ముక్కలుగా; తోడి తెచ్చి = సర్వరు నుంచి లాగి; ముందు = ఆడుతున్న చోటికి ఆవల; మూట గట్టి = బఫరులో నిలవచేసి; విడిచిపెట్టి = తొలగించి; సుడి = తెర నడుమ గిరగిర తిరిగే చక్రం; ఎట్టులు = ఏ విధంగా; అంటున్ = సోకును?

తాత్పర్యం: సుగమం.

విశేషం: తోడి, గట్టి, విడిచిపెట్టి అన్న క్రియలకు కర్త మూలంలో లేడు. జావాస్క్రిప్టు రాసేవాడని అధ్యాహారం. ఫైలు పేరు వీడియో ట్యాగుకిస్తే బ్రౌజరే తెచ్చుకుంటుంది గదా, నడుమ వీడెందుకని పూర్వపక్షం. అలాగైతే ఎంత నిలవుంచాలో బ్రౌజరు చిత్తం. నెట్టు మందగించినప్పుడు తక్కువ నాణ్యత ముక్కకు మారే వీలూ ఉండదు. ఆ అధికారం కర్త చేతికిచ్చిన మీడియా సోర్స్ ఎక్స్‌టెన్షన్స్‌ను డబ్ల్యూ3సీ 2016లో ప్రమాణంగా ఆమోదించింది.

"ముప్పది"కి "మూడువందల" అని ఆశపోతుల పాఠాంతరం. అది గణానికీ సరిపడదు, కోటాకూ సరిపడదు. సెకనుకు 5 మెగాబిట్ల వీడియో 300 సెకన్లంటే 187 మెగాబైట్లు దాటుతుంది; డెస్క్‌టాప్ క్రోమ్ ఒక వీడియో బఫరుకిచ్చే చోటు దాదాపు 150. నిండితే కోటా ఎక్సీడెడ్ ఎర్రరు. హెచ్ఎల్ఎస్.జేఎస్ అనే ప్లేయరు లైబ్రరీ డిఫాల్టుగా పెట్టుకునే కనీస లక్ష్యమూ ముప్పై సెకన్లే కనుక మూలపాఠమే గ్రాహ్యం.

"మూట గట్టి" అన్నది ఏకవచనం. ఒక ముక్క చేర్చడం పూర్తై, అప్‌డేట్‌ఎండ్ వినిపించేదాకా రెండోది తోయరాదు. వరసలో నిలబెట్టాలి.

పద్యానికి ప్రాణం మూడో పాదం. పోగెయ్యడం ఎవడికైనా చేతనవును. "చూచిన" అన్నాడు గాని "చూస్తున్న" అనలేదు, గమనించండి. వీడియోలో కీఫ్రేము మీద ఆధారపడి తక్కిన ఫ్రేములు బతుకుతాయి. ఆడుతున్న చోటికి మరీ దగ్గరగా కోస్తే, కోత అక్కడ ఆగదు. తరవాతి కీఫ్రేము దాకా ఉన్న ఫ్రేములన్నీ పోతాయి, కళ్లెదుటి బొమ్మతో సహా. పదో ఇరవయ్యో సెకన్లు వెనక వదిలి ఆ పైది తుడవాలి. భూతకాల ప్రయోగం సాభిప్రాయం.

"సుడి" రూపకాతిశయోక్తి. "ఎట్టు లంటు నింక" అన్న ధీమా మాత్రం అతిశయోక్తి ఒక్కటే. రెండు ముక్కల కాలసూచికల మధ్య వెంట్రుకవాసి ఖాళీ పడితే, ఆవల ముప్పై సెకన్ల సరుకున్నా ప్లేయరు ఆ గండి దగ్గరే నిలబడిపోతుంది. వెయిటింగ్ సంకేతం రాగానే బఫర్డ్ జాబితా చూసి, తరవాతి ముక్క మొదటికి కరెంట్‌టైమును జరపాలి. ఇది పద్యంలో లేదు. తేటగీతికి నాలుగు పాదాలు చాలకపోతే మాలిక కట్టుకోవచ్చు. కవి ఆ శ్రమ పడలేదు. రిలీజు దగ్గరపడి ఉంటుంది.