మోకాళ్ల మీంచి లేచాక

మా రోజుల్లో పలనాటి క్రైస్తవుల ఇళ్లలో పిడికెడు తియ్యకుండా ఎసట్లో గింజ పడేది కాదు. చాటలో కొలుచుకున్న దాంట్లోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్క గూట్లో ఉన్న చిన్న కుండలో వేసేవాళ్లు. ఆ కుండ దేవుడిది. పిల్లలు ఆకలని ఏడ్చినా అందులో చెయ్యి పెట్టేవాళ్లు కాదు. ఆదివారం గుడికి తీసుకెళ్లి కానుకగా పోస్తే ఉపదేశిగారి కుటుంబం, దిక్కులేని ముసలాళ్లు ఆ వారమంతా తినేవాళ్లు. పిడికెడు బియ్యం అని పేరే గానీ, 1967లో సాగరు కాలవలకి నీళ్లు వదలకముందు మా మెట్టలో బియ్యం ఎవరు చూశారు? జొన్నలే. వరన్నం క్రిస్మసుకి, మళ్లీ ఎవరన్నా జ్వరపడి లేచినప్పుడు.

ఇప్పుడు బస్తాలకి బస్తాలు ఇంట్లో నిలబడి ఉన్నాయి, కుండ మాత్రం ఏ ఇంట్లోనూ లేదు. అడిగితే "కానుక ఫోన్లో పంపిస్తున్నాంగా తాతా" అంటారు. పంపండి, నేను వద్దన్నానా? నెలకోసారి ఫోను నొక్కడానికీ, రెండుపూటలా తాను తినేముందు ఇంకొకరికి తీసి పక్కనపెట్టడానికీ పోలికెక్కడ?

కరువు నెలల్లో మా అమ్మ పిడికిలి కాస్త వదులుగా పట్టేది. నాయనమ్మ అది చూసి ఏమీ అనకుండా కుండ మూత తీసి ఇంకో పిడికెడు వేసేది. ఒకరోజు మాత్రం అంది: "లోటుంటే నా కంచంలో తగ్గించు అమ్మాయ్, ఆ కుండలో కాదు." అన్నట్టే ఆ నెలంతా ఆమె రాత్రిపూట గంజి తాగి పడుకుంది.

ఆమె బైబిలు స్త్రీ. అలాంటి పనొకటి ఉండేదని ఈనాటి పిల్లలకి తెలియనే తెలియదు. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరొచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టారు. ఆడవాళ్ల మధ్యకి ఆడవాళ్లే పోగలరని, తర్వాత్తర్వాత చదువొచ్చిన మన స్త్రీలనే మిషను ఇంటింటికీ పంపింది. నాయనమ్మ గుంటూరు బోర్డింగులో అక్షరాలు నేర్చుకుంది. మా తాత మిషను బడిలో పంతులు. తొమ్మిదిమందిని కన్నది, అయిదుగురు దక్కారు. తాత పోయేనాటికి ఆఖరివాడైన మా నాన్న ఇంకా పాలు మానలేదు. ఆ చంటివాణ్ణి చంకనేసుకునే ఆమె ఆ పనిలో చేరింది. గుడ్డసంచీలో బైబిలు, కీర్తనల పుస్తకం, టింక్చరు సీసా, పాతచీర చింపిన కట్లు. అరుగుల మీద ఇసుక పోసి వేలితో అక్షరాలు దిద్దిస్తే, మా పల్లెలో ఆడవాళ్లు చాలామంది తమ పేరు తాము రాసుకోగలిగారు.

తెల్లారకముందే లేచి మోకరించేది. ఆ ప్రార్థన పైకి వినపడేది కాదు, పేర్లు మాత్రం వినపడేవి. ఫలానా ఇంటి చూలాలు, ఫలానావాడి కాలి పుండు, తండ్రి బాకీ కింద పాలేరుగా కుదిరిన పిల్లగాడు. అలా ఎవరి పేరు పలికిందో వాళ్ల గడప ఆరోజు తొక్కాల్సిందే. అది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టడి. వానైనా, ఎండైనా, ఒంట్లో బాగోకపోయినా సరే. ఇవాళ "మీకోసం ప్రార్థిస్తున్నాం" అని జోడించిన చేతుల బొమ్మ ఒకటి ఫోన్లో పంపి, ఇంకో బొమ్మ చూసుకుంటారు. ఆ జబ్బుపడ్డ మనిషి ఇల్లెక్కడో కూడా తెలియదు.

నాయనమ్మకి చిన్నప్పుడే మశూచి పోసి తగ్గింది. మొహం నిండా మచ్చలు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాదని ఆమెకి తెలుసు, అందుకే ఎక్కడ అమ్మవారు పోసినా కబురు మా ఇంటికే. సొంత చుట్టాలు తప్పుకున్న ఇళ్లలోకి పోయి, వేపమండలు పరిచి, అరిటాకు మీద పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో గంజి పోసేది. చితికిన పొక్కులకి బట్ట అంటుకుపోతే లాగేది కాదు. గోరువెచ్చటి నీళ్లు చుక్కచుక్కగా వేసి, నానేదాకా కూర్చుని, అంచు నుంచి మెల్లగా ఊడదీసేది. దానికి గంట పట్టినా కదిలేది కాదు. చేతికి టీకా మచ్చ ఉన్న నన్ను కూడా గుమ్మం దాటనిచ్చేది కాదు, బయట నిలబడి చూశాను. 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బే లేదు. టీకా చేసిన మేలు అది. ఆ కాలం తిరిగి రావాలని బుద్ధున్నవాడెవడూ కోరడు, నలుగురు బిడ్డల్ని పూడ్చుకున్న నాయనమ్మ అసలే కోరదు. నా బాధల్లా రోగంతోపాటు ఆ గడప దాటే మనిషి కూడా పోయిందని.

కాన్పు కష్టమైతే బండి కట్టించి నరసరావుపేట, అక్కడ రైలెక్కి గుంటూరు. 1883లో మన దేశమొచ్చిన అన్నా కుగ్లర్ దొరసానిగారి ఆసుపత్రి 1898 నుంచీ అక్కడ ఆడవాళ్లని కాపాడుతోంది. 1930లో ఆ మహాతల్లి గుంటూర్లోనే కన్నుమూసింది. ఎన్నేళ్లైనా ఆమె పేరు తలిచేటప్పుడు నాయనమ్మ కొంగు సర్దుకునేది.

పెద్దకులాల ఇళ్ల నుంచీ కబురొచ్చేది. పగలు తమ బావిలో మమ్మల్ని చేద వెయ్యనివ్వని ఇళ్లే అవి. అర్ధరాత్రి నొప్పులొస్తే లాంతరు పట్టుకుని పల్లెలోకొచ్చేవాళ్లు. మా నాన్న పళ్లు కొరుకుతూ "పోబాకమ్మా" అనేవాడు. "కడుపులో ఉన్న బిడ్డ మనకి నీళ్లొద్దన్నాడంట్రా?" అని సంచీ తీసుకుని లాంతరు వెంట పోయేది. ఆ మాట నాకింకా మింగుడుపడదు. నేనైతే పోయేవాణ్ణి కాదు. ఆమె పోయింది, తల్లినీ బిడ్డనీ బతికించి తెల్లారాక వచ్చి, మా అందరికీ జొన్నసంకటి కెలికింది.

ఇప్పుడు రెండు అరటిపళ్లు పంచితే ఫ్లెక్సీ. మంచం మీదున్న రోగి చేతిలో పండు పెట్టి, మొహం ఇటు తిప్పమని ఫొటో తీసుకుంటారు. గుళ్లో స్పీకర్ల మోతకి ఎవరేం పాడుతున్నారో తెలియదు. నాయనమ్మకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నోటికొచ్చు, పురుషోత్తమ చౌదరిగారివైతే నెంబర్లతో సహా. తాళమంటే రెండు చేతులే.

ఎనభై దాటాక పోయింది. సమాధిగుంత తవ్వినవాళ్లలో ఊళ్లోవాళ్లూ ఉన్నారు, ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్లు.

మా పల్లెలో ఇప్పుడు ముసలి దంపతులున్నారు. పిల్లలు హైదరాబాదులో ఉంటారు. పెన్షను మందులకే సరి. ఆయన లేవలేడు, ఆమెకి కళ్లు ఆనవు. మొన్న ఆదివారం ప్రార్థన మనవుల్లో వాళ్ల పేర్లిచ్చాను. మైకులో చదివారు, అందరూ ఆమెన్ అన్నారు. ఆరాధన అయ్యాక ఒక్కరూ అటు పోలేదు. నా మోకాళ్లు సాగినంతవరకు నేను పోతున్నాను గానీ, ఆయన్ని పైకెత్తి పక్కబట్ట మార్చాలంటే ఇద్దరుండాలి. వచ్చే ఆదివారం నుంచి రోగుల పేర్లతోపాటు, ఆరోజు వాళ్లింటికి ఎవరెవరు పోవాలో ఆ పేర్లు కూడా చదవమని పాస్టరుగార్ని అడిగాను. చూద్దామన్నారు. చూసేదేముంది? ఆ ఇల్లు గుడికి నాలుగిళ్ల అవతలే.