ఆకు ముట్టకుండా శాకాహారి కావడం ఎలా?

నలభై దాటాక ఏదో ఒక రోజు రక్తపరీక్ష రిపోర్టులో రెండు మూడు అంకెలు మిగతావాటికంటే బొద్దుగా అచ్చయి వస్తాయి. డాక్టరుగారు కళ్లజోడు మీంచి చూసి, "మాంసం తగ్గించండి, కూరగాయలూ పప్పులూ పెంచండి" అంటారు. ఆ మాటలో మొదటి సగమే వినండి. రెండో సగం కూడా విన్నారంటే వంటిల్లంతా మార్చుకోవాల్సి వస్తుంది. సగమే పాటించి, మారిన మనిషన్న పేరు మాత్రం పూర్తిగా సంపాదించుకోదలచిన వారికి ఈ చిట్కాలు.

1. ముందు లెక్క సరిచూసుకోండి

డాక్టరుగారు మాంసం తగ్గించమన్నారు తప్ప, ఎంతవరకో గీత గీసి చూపలేదు. కాబట్టి తూకం వేయండి. ప్లేటు బిర్యానీలో ముక్కలెన్ని, మెతుకులెన్ని? బియ్యం మొక్క నుంచే వచ్చాయి. ఉల్లిపాయ, పుదీనా, కొత్తిమీర, యాలకులు, లవంగాలు అన్నీ అంతే. బరువు ప్రకారం బిర్యానీ చాలావరకు శాకాహారమే! గోంగూర మటన్ సంగతి చెప్పనక్కర్లేదు, పేరులోనే ఆకు ముందుంది. చేపల్ని జలపుష్పాలన్నది మనవాళ్లే. గోదావరికి ఎర్రనీళ్లొచ్చి పులస దిగిన రోజున పూలకూ చేపలకూ తేడా అడిగే మొనగాడు ఆ జిల్లాల్లో లేడు.

2. ప్రాణం పోనిదల్లా పథ్యమే

మిర్చి బజ్జీలో ఏముంది? మిరపకాయ, శనగపిండి, నూనె. ఏ జీవికీ నొప్పి కలగలేదు. మైదా గోధుమల్లోంచి వచ్చింది, చక్కెర చెరకులోంచి వచ్చింది, సగ్గుబియ్యం కర్రపెండలంలోంచి వచ్చింది. సాయంత్రం నాలుగు పునుగులు, రాత్రి పూరీ కూర, పొద్దున్నే నాలుగు గారెలు తింటే ఇరవై నాలుగు గంటలూ మీరు మొక్కల మీదే బతికినట్టు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వేననీ, మాంసం తగ్గించమన్నది ఆ కొవ్వు గురించేననీ ఎవరైనా అడ్డుపడితే, అది ఏలూరు వైపు తోటల్లో కాసిన గెలల నూనె అని చెప్పండి. చెట్టు కొవ్వు మర్యాదస్తురాలు, రక్తనాళాల్లో పేరుకోదు, పక్కన నిలబడి దారిస్తుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ ఆ లెక్కలోకి రాదు. మామిడికాయ పండు కిందికి వస్తుంది కదా!

3. పళ్లెం నింపే పద్ధతి

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల పళ్లెం ఎలా ఉండాలో చెప్పింది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. అన్నీ పచ్చివిగా తూచిన లెక్కలే. అంటే ధాన్యాల కంటే కూరగాయల బరువే ఎక్కువ. ఎంత దారుణమో చూశారా? తెలుగింట్లో అన్నం కొండంత, కూర ఆ కొండకు పెట్టిన బొట్టంత ఉండాలి. సంస్థ వాళ్లు చెప్పిన అంకెలు అవే ఉంచి, ధాన్యాలవి కూరగాయలకూ కూరగాయలవి ధాన్యాలకూ మార్చేసుకోండి. అప్పటికీ ఆకలి తీరకపోతే పెరుగన్నం ఉండనే ఉంది.

4. ముక్క తీసిన చోటు ఖాళీగా ఉంచండి

మాంసం మానేస్తే మాంసకృత్తులు ఎక్కణ్నుంచి వస్తాయని భయపెడతారు. 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటాయి. అయితే ఆ వంద గ్రాములూ ఒక్కరికే వండితే కదా! ఇంటిల్లిపాదికీ గుప్పెడు పప్పు వేసి, బిందెడు నీళ్లు పోసి, చింతపండు పిండి, పప్పుచారు అని పేరు పెట్టండి. గిన్నె అడుగు కనిపించినన్నాళ్లూ మీ పద్ధతి సరిగ్గా సాగుతున్నట్టే. అలసందల గుగ్గిళ్లు, ఉలవచారు, అనపగింజల కూర, నువ్వుల పొడి, పల్లీల పచ్చడి జోలికి మాత్రం వెళ్లకండి. ఖర్చు తక్కువ, బలం ఎక్కువ, పైగా మీ నాయనమ్మకు కూడా తెలిసినవి. ఆవిడకు తెలిసినదాన్ని కొత్త జీవనశైలి అని ఎలా చెప్పుకుంటారు?

చెప్పుకోవడానికి క్వినోవా కొనండి. పక్కన కొర్రలు, రాగులు, జొన్నలు కనిపిస్తే తల తిప్పుకోండి. బాదం కంటే నీళ్లే ఎక్కువున్న బాదంపాలు కొని, పాలతో సమానమనుకుని తాగండి. మునగాకు పెరట్లో ఉంటే పనికిరాదు. అదే ఆకు పొడై డబ్బాలోకెక్కి, ధర చీటీ తగిలించుకుని వచ్చాక తినండి.

5. బి12 సంగతి దాటేయండి

బి12 విటమిన్ మొక్కల్లో దాదాపు దొరకదు. పాలు, పెరుగు, గుడ్లలో కొంత ఉంటుంది. అవి కూడా మానేసినవాళ్లు మాత్రలు వేసుకోవాలి. అయితే ఒంట్లో పాత నిల్వలు కొన్నేళ్లు కాచుకుంటాయి. ఆ కొన్నేళ్లూ "నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను" అని ఊరంతా చెప్పండి. తర్వాత అరికాళ్లు తిమ్మిరెక్కితే చెప్పులు మార్చండి, నీరసమొస్తే ఎండ అనండి, మతిమరుపొస్తే వయసు అనండి. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో బి12 మరింత పడిపోవచ్చు. అలాంటివారు పరీక్ష చేయించుకుంటే నిజం బయటపడే ప్రమాదం ఉంది కనుక ల్యాబు ఉన్న వీధిలోకే వెళ్లవద్దు.

ఇనుము విషయంలోనూ జాగ్రత్త. ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ ఉన్న ఇనుము ఒంటికి తొందరగా పట్టదు. పక్కన నిమ్మరసం పిండితే మాత్రం బాగా పడుతుంది. అందుకే నిమ్మకాయ గుమ్మానికే కట్టండి. తిన్న చెయ్యి ఆరకముందే చిక్కటి టీ తాగారంటే, పట్టబోయే ఆ కాస్త ఇనుము కూడా పట్టకుండా పోతుంది.

6. మారేది మీరు, వండేది మీ ఆవిడ

తోటకూర కాడలకు ఈనెలు తీయాలి, మెంతికూర గిల్లాలి, ఇసుక పోయేదాకా మూడు నీళ్లు కడగాలి. చిక్కుళ్లకు ఈనెలు తీసేసరికి సీరియల్ అయిపోతుంది. ఈ పనుల్లో వేలు పెట్టకండి. రాత్రి పదింటికి "రేపట్నుంచి నేను ఆకులే తింటాను" అని ప్రకటించి పడుకోండి. పిల్లలకు కోడికూర, అత్తగారికి పథ్యం, మీకు కొత్త దీక్ష, ఇలా పొయ్యి మీద మూడు గిన్నెలవుతాయి. వారం తిరిగేలోగా ఆవిడ ఒక గిన్నె తీసేస్తుంది. అది మీదే అవుతుంది. అప్పుడు "నేను మారదామనుకున్నాను, ఇంట్లో సహకారం లేదు" అని నిట్టూర్చి, కర్రీ పాయింట్‌కు వెళ్లి నూనె తేలిన గుత్తివంకాయ కట్టించుకోండి.

7. గడువు పెట్టుకోండి

మొదలుపెట్టడానికి కార్తీకమాసం మంచిది. ఇంటిల్లిపాదీ ఎలాగూ మానేస్తారు కనుక మీరు విడిగా కష్టపడాల్సిందేమీ లేదు. వనభోజనాల్లో పులిహోర, బూరెలు, బొబ్బట్లు, అన్నీ చెట్టు పేరు చెప్పుకుని లాగించండి. మాసం చివర్లో రక్తపరీక్ష చేయించుకుని, తగ్గిన అంకె ఏదైనా ఒక్కటి దొరికితే దాన్ని ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టండి. పాడ్యమినాడు పోలిని స్వర్గానికి సాగనంపి, తిరిగొచ్చే దారిలోనే కోడిని కూడా అక్కడికే పంపండి. నెల రోజులు ఆపిన ఆకలికి వడ్డీ ఉంటుంది, అదీ వసూలు చేసుకోండి.

8. ఫలితం రాకపోతే

ఆరు నెలలకు షుగరు తగ్గలేదు, నడుము కొలత పెరిగింది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కంగారు పడకండి. అన్నం తగ్గించలేదు, చక్కెర ఆపలేదు, నూనె కొలవలేదు, రోజూ అరగంట నడవలేదు కనుక తప్పు వీటిలో దేనిదీ కాదు, ముమ్మాటికీ కూరగాయలదే. "శాకాహారం నా ఒంటికి పడలేదు" అని తేల్చేసి, ఈసారి గుడ్లూ మాంసంతో ఆరోగ్యం తెచ్చే పద్ధతి ఎంచుకోండి. దానికోసం కొత్త చిట్కాలు వెతుక్కోనక్కర్లేదు. అన్నం, చక్కెర, నూనె దగ్గర చెయ్యి ఆపకుండా ఉంటే చాలు, పైన రాసినవన్నీ ఒక్క అక్షరం మార్చకుండా దానికీ పనికొస్తాయి.